స్టవ్ నాబ్ మీద చెయ్యి: కొత్తగా వంట నేర్చుకునేవాళ్ళకి నాలుగు వంటలు

మా అక్క కొడుక్కి పదమూడేళ్ళప్పుడు ఒక సెలవురోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "పిన్నీ, ఆమ్లెట్ నేనే వేసుకుంటా" అన్నాడు. వేసుకున్నాడు. కింద బొగ్గు, పైన జారిపోతున్న పచ్చి సొన. మంట ఎంత పెట్టావురా అంటే, "ఫుల్లు. తొందరగా అయిపోతుందని" అన్నాడు. వాణ్ణి చూసి నవ్వడానికి నాకేం హక్కు లేదు. వాడి వయసులో నేనూ ఎసరు కొలవకుండా పోసి, మూతపెట్టి, మంట పెద్దది చేసి పక్కగదిలోకి వెళ్ళిపోయినదాన్నే. ఆ మాడువాసన రెండు రోజులు ఇల్లు వదల్లేదు.

అప్పటినుంచీ ఎవరికి వంట నేర్పాల్సి వచ్చినా ముందు తీసుకెళ్ళి నాబ్ దగ్గర నిలబెడతాను. కొత్తలో వంట చెడేది ఉప్పూ కారాల దగ్గర కన్నా సెగ దగ్గరే ఎక్కువ. ఉప్పు తగ్గితే కలుపుకుంటాం. మాడింది మాత్రం మాడిందే. అందుకే ఇక్కడ చెప్పబోయే నాలుగు వంటల్నీ సెగని బట్టి ఏరాను. గుడ్డుకి చిన్న మంట కావాలి. అన్నానికి పెద్ద మంటతో మొదలుపెట్టి సిమ్‌కి దించాలి. కూరగాయలకి మంట పెద్దగానే ఉండాలి. పప్పుకేమో మెల్లగా, ఒకే తీరున కుతకుతలాడే సెగ. ఈ నాలుగూ చేతికొస్తే, రేపు ఇంకే వంట చూసినా అది వీటిలో దేనికి చుట్టమో నీకే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇవి కలిస్తే పళ్ళెం సరిగ్గా నిండుతుంది. పళ్ళేన్ని మనసులో నాలుగు భాగాలు చేసుకో. రెండు భాగాలు కూరగాయలూ పండ్లూ. ఒక భాగం అన్నమో గోధుమో ఓట్సో. మిగిలిన భాగంలో మాంసకృత్తులున్నది ఏదైనా సరే: గుడ్డు, పప్పు, శనగలు, చేప, కోడిమాంసం. కేలరీలు లెక్కపెట్టే పని పెట్టుకోకు. పళ్ళెంలో సగం రంగురంగులుగా ఉందా లేదా అని చూసుకో, చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 400 గ్రాములకి తగ్గకుండా కూరగాయలూ పండ్లూ తినమంటుంది. బంగాళాదుంప ఆ లెక్కలోకి రాదు. వేపుళ్ళంటే ప్రాణమిచ్చే వాళ్ళకి ఈ మాట నచ్చదని తెలుసు.

వెలిగించే ముందు

మొదట్లో కొన్నిసార్లు, నువ్వు వండేటప్పుడు పెద్దవాళ్ళెవరైనా పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. పక్కనే నిలబడి సలహాలివ్వక్కర్లేదు, అలా ఇస్తే నీ చెయ్యి ఇంకా వణుకుతుంది. ఇంట్లో ఉంటే చాలు.

సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడుక్కో. జుట్టు పొడుగైతే ముడెయ్యి, వేలాడే చేతులున్న చొక్కా అయితే మోచేతుల దాకా మడుచుకో. వేడి గిన్నె దించే గుడ్డ పొడిగా ఉందో లేదో చూసుకో. తడిగుడ్డలోంచి వేడి ఇట్టే చేతికి పాకుతుంది. బాణలి కాడ స్టవ్ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టకు. పక్కనుంచి వెళ్ళేవాళ్ళ మోచెయ్యి తగిలిందంటే అంతే సంగతులు.

కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటుంది. బాణలి పొయ్యి మీద పెట్టేసి, నూనె కాగుతుండగా ఉల్లిపాయ తరగడం మొదలుపెడతారు. ఉల్లిపాయ సగం అయ్యేసరికి నూనె పొగలు కక్కుతుంటుంది. కంగారులో వేలు తెగుతుంది, లేదా నూనె మాడుతుంది, ఒక్కోసారి రెండూ జరుగుతాయి. తరిగేవి తరిగి, కడిగేవి కడిగి, కొలిచేవి కొలిచి గిన్నెల్లో వరసగా పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించు. అలవాటైన చేతులు రెండు పనులూ ఒకేసారి చేస్తాయి. నీకింకా ఆ తొందర వద్దు.

చాకు గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. కూరగాయలు తరిగే పలక జారకుండా దాని కింద ఒక తడిగుడ్డ పరుచు. గుండ్రంగా దొర్లే కాయ ఏదైనా ముందు నిలువుగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు పలకకి ఆనేలా బోర్లించు. ఇక అది దొర్లదు. కాయని పట్టుకున్న చేతి వేళ్ళ కొసలు లోపలికి ముడుచుకోవాలి, పిల్లి గోళ్ళు దాచుకున్నట్టు. బొటనవేలు వాటి వెనక దాక్కోవాలి. చాకు పక్కభాగం వేలి కణుపులకి ఆనుతూ దిగుతుంది, కాబట్టి పదునైన అంచుకి గోళ్ళు దొరకవు. మొదట్లో ఇది చాలా వంకరగా, నెమ్మదిగా అనిపిస్తుంది. ఒక క్యారెట్టు మొత్తం అలాగే తరుగు. రెండో క్యారెట్టుకి చెయ్యి దారిన పడుతుంది.

మొండి చాకు పిల్లలకి సురక్షితం అనుకుంటారు చాలామంది. నిజానికి దానితోనే ప్రమాదం. అది తెగక, నువ్వు బలం పెట్టి నొక్కుతావు, అది టమాటా తొక్క మీద జారి వేలి మీదికి వస్తుంది. పదునున్న చాకు దానంతటదే దిగుతుంది. ఉల్లిపాయ తరిగేటప్పుడు కన్నీళ్ళు కూడా తగ్గుతాయి, ఎందుకంటే మొద్దు చాకు ఉల్లిపాయ కణాల్ని నలిపి, కళ్ళు మండించే ఆవిరిని ఎక్కువగా బయటికి వదులుతుంది. చాకు చేతిలోంచి జారిపడుతుంటే మాత్రం పట్టుకోబోకు. రెండు చేతులూ వెనక్కి, రెండు కాళ్ళూ వెనక్కి. కింద పడ్డాక తీసుకోవచ్చు.

ఎప్పటికీ అవసరం రాకూడదు గానీ తెలిసి ఉండాల్సినవి రెండు. నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకు. నీళ్ళు నూనె కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెని ఇల్లంతా చిమ్ముతాయి. చెయ్యి నాబ్‌కి అందితే స్టవ్ ఆపు, బాణలి మీద మూత జరిపి కప్పు, పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకు. బాణలిని ఎత్తి ఇంకోచోటికి మోసుకెళ్ళకు. మంట నీ చేతికి మించి ఉంటే బయటికి వచ్చేసి పెద్దవాళ్ళని పిలువు. చెయ్యి కాలితే కుళాయి కింద చల్లటి నీళ్ళలో 20 నిమిషాలు పెట్టు. 20 అంటే నిజంగా 20, రెండు కాదు. ఐసు, టూత్‌పేస్టు, వెన్న లాంటివేవీ పూయకు.

గుడ్డు: చిన్న మంట

ముందు ఉడికించడం. గిన్నెలో గుడ్లు మునిగేన్ని నీళ్ళు పోసి మరిగించు. మరిగాక మంట తగ్గించి, గుడ్డుని గరిటెలో పెట్టి అడుగు దాకా దించి వదులు. పైనుంచి జారవిడిస్తే పగులుతుంది. టైమర్ పెట్టుకో. ఏడు నిమిషాలకి తెల్లసొన గట్టిపడి పచ్చసొన జామ్‌లా ఉంటుంది. పది, పదకొండు నిమిషాలకి లోపలంతా గట్టిపడుతుంది. నువ్వు రెండోదానితో మొదలుపెట్టు. పూర్తిగా ఉడికిన గుడ్డుతో సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉండదు.

టైము కాగానే వేడినీళ్ళు జాగ్రత్తగా వంపేసి చల్లనీళ్ళు పొయ్యి. ఇది పెంకు ఊడటానికే అనుకోకు. గుడ్డు తన వేడికి తానే లోపల ఇంకా ఉడుకుతూ ఉంటుంది, దాన్ని ఆపాలి. ఎక్కువసేపు ఉడికిన గుడ్డుని కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ బూడిదరంగు గీత కనిపిస్తుంది చూడు, అది పచ్చసొనలోని ఇనుమూ తెల్లసొనలోని గంధకమూ కలిసి పుట్టింది. తింటే ఏమీ కాదు, కానీ "నన్ను మర్చిపోయావు" అని గుడ్డు రాసిపెట్టిన చీటీ అది. పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడొస్తే నీ తప్పు కాకపోవచ్చు. మరీ తాజా గుడ్లు అలాగే చేస్తాయి. వారం నిల్వ ఉన్నవైతే నున్నగా ఊడతాయి.

ఇప్పుడు మా వాడి పరువు తీసిన ఆమ్లెట్.

1. రెండు గుడ్లు ఒక్కొక్కటే ముందు చిన్న గిన్నెలోకి కొట్టు. వాసన తేడాగా ఉన్న గుడ్డు ఒకటుంటే అది ఒక్కటే పోతుంది, రెండోది మిగులుతుంది. చిటికెడు ఉప్పు వేసి, తెలుపు చారలు కనపడకుండా ఫోర్కుతో గిలక్కొట్టు.

2. ఒక చెంచా సన్నగా తరిగిన ఉల్లిపాయ, గింజలు తీసేసిన టమాటా సగం, గుప్పెడు పాలకూర సిద్ధంగా పెట్టుకో. గింజలు తీయమన్నది ఎందుకంటే ఆ గుజ్జులోని నీళ్ళే ఆమ్లెట్‌ని చెమ్మగా చేసి చించుతాయి.

3. పెనం మీద ఒక చిన్న చెంచా నూనె. మంట మధ్యస్థం. ఉల్లిపాయ, టమాటా రెండు నిమిషాలు వేయించి, పాలకూర వెయ్యి. గుప్పెడు ఆకు చూస్తుండగానే చెంచాడవుతుంది, కంగారుపడకు.

4. మంట సిమ్‌కి దించు. అర నిమిషం ఆగు. పెనం కూడా చల్లబడాలి కదా, నాబ్ తిప్పగానే దానికి తెలియదు. కరెంటు కాయిల్ స్టవ్ అయితే ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

5. గుడ్డు సొన ఒక్క చుక్క వేసి చూడు. చిటచిటమని ఎగిరి అంచు గోధుమరంగు తిరిగితే వేడెక్కువ. మెల్లగా తెల్లబడితే సరిగ్గా ఉంది, మిగతాది పొయ్యి.

6. అంచులు గట్టిపడగానే అట్లకాడతో అంచుని మధ్యకి నెట్టి, పెనాన్ని కాస్త వంచు. పైనున్న పచ్చి సొన ఖాళీలోకి పారుతుంది. ఇలా నాలుగు వైపులా. తర్వాత మూత పెట్టి నిమిషంన్నర.

మూతలో ఉన్న ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది కాబట్టి తిరగేసే సర్కస్ అక్కర్లేదు. సగానికి మడిచి పళ్ళెంలోకి జార్చు. చిరిగిందా? గరిటెతో ఇంకాస్త చిదిపి, గుడ్డు పొరుటు చేశాననుకో. రుచి అదే.

రెండు గుడ్లలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పక్కన ఏదైనా పండు, రెండు ముక్కలు గోధుమ బ్రెడ్డు పెట్టుకుంటే పూట గడిచిపోతుంది.

అన్నం: పెద్ద మంట నుంచి సిమ్‌కి

కరెంటు కుక్కర్ ఉంటే ఈ భాగం నీకు అవసరం రాకపోవచ్చు. అయినా ఒక్కసారి గిన్నెలో వండి చూడు. మూత కింద ఏం జరుగుతోందో మూత తియ్యకుండా తెలుసుకోవడం ఇక్కడే వస్తుంది.

ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. రెండూ కొలిచేది అదే గ్లాసుతో ఉండాలి. బియ్యాన్ని రెండు మూడు నీళ్ళు మార్చి కడుగు. కడిగిన నీళ్ళు పూర్తిగా వంపెయ్యి, లేకపోతే నీ కొలత తప్పుతుంది. కొలిచిన నీళ్ళు పోసి పెద్ద మంట మీద పెట్టు. బుడగలు గట్టిగా వచ్చి నీళ్ళు తెర్లగానే ఒక్కసారి కలిపి, బిగువైన మూత పెట్టి, నాబ్‌ని పూర్తిగా సిమ్‌కి తిప్పు. 12 నుంచి 15 నిమిషాలు. దీన్నే అత్తెసరు పెట్టడం అంటారు, గంజి వార్చే పని ఉండదు.

ఇక్కడ నీకు పరీక్ష ఏంటంటే మూత తియ్యకుండా ఉండడం. తీసినప్పుడల్లా ఆవిరి పోతుంది, పై మెతుకులు ఉడకవు. చెవి దగ్గర పెట్టి విను, మరీ దగ్గరగా వద్దు. మొదట గుడగుడమంటుంది. తర్వాత ఆ శబ్దం సన్నబడి బుసబుసగా మారుతుంది. నీళ్ళు ఇంకిపోయాక దాదాపు నిశ్శబ్దం. ఆ తర్వాత చిటపటలు మొదలయ్యాయంటే అడుగు పడుతోందన్నమాట, వెంటనే ఆపు.

స్టవ్ ఆపాక ఇంకో పది నిమిషాలు అలాగే వదిలెయ్యి. అడుగున ఎక్కువున్న తేమ ఈ పది నిమిషాల్లోనే పైకి సర్దుకుంటుంది. అప్పుడు మూత తీసి ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూడు. మధ్యలో సన్నగా, సున్నం చుక్కలా తెల్లగా తగిలితే ఇంకా ఉడకాలి. నాలుగు చెంచాల వేడినీళ్ళు చిలకరించి మూతపెట్టి సిమ్‌లో మరో అయిదు నిమిషాలు. ముద్దయిపోతే ఈ రోజుకి తినేసి, రేపు నీళ్ళు పావు గ్లాసు తగ్గించు. బియ్యం రకాన్ని బట్టి, పాతా కొత్తా బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, మీ ఇంట్లో బియ్యానికి నీ లెక్క నువ్వే తేల్చుకోవాలి. అడుగంటితే గీకకు. పై అన్నం మెల్లగా వేరే గిన్నెలోకి తీసెయ్యి, మాడు వాసన పైదాకా రాకముందే.

ముడిబియ్యం అయితే రెండున్నర గ్లాసుల నీళ్ళు, సిమ్‌లో 40 నిమిషాలు. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటుంది. నచ్చకపోతే సగం సగం అనుకోకు, రెండూ ఒకే సమయంలో ఉడకవు. వేర్వేరుగా వండి కలుపుకో.

మిగిలిన అన్నం సంగతి చాలామంది పట్టించుకోరు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకని రెండు గంటల్లోపు, వెడల్పాటి పళ్ళెంలో పరిచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు పొగలొచ్చేదాకా వేడిచేసుకుని తిను. రెండోసారి మిగిలితే ఇక దాచకు.

కూరగాయలు: మంట తగ్గించకు

మాడుతుందేమోనని భయపడి సన్నసెగ మీద, బాణలి నిండా కూరగాయలు కుక్కి, పైన మూత పెడితే ఏమవుతుంది? నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళలో అవి ఉడికి, బూడిదరంగు తిరిగి, మెత్తగా చప్పగా తయారవుతాయి. "నాకు కూరగాయలు ఇష్టం లేదు" అనే పిల్లల్లో సగంమందికి ఇష్టం లేనిది ఇదే అని నా గట్టి అనుమానం.

బాణలిలో నీళ్ళున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. కూరగాయ అంచున ఎర్రగా వచ్చి, కమ్మటి వాసన పుట్టాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. పిండిపదార్థాల్లోని చక్కెరలూ మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ ఆ వేడి దగ్గర కలిసి కొత్త రుచులు పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీల్ మాయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దీన్ని మొదట వివరించాడు, అందుకే దీన్ని మాయార్ చర్య అంటారు. బ్రెడ్డు కాలిస్తే వచ్చే వాసన కూడా ఇదే. కాబట్టి నీ పనల్లా నీళ్ళు చేరకుండా చూసుకోవడమే.

కడిగిన కూరగాయల్ని గుడ్డతో తుడిచి ఆరబెట్టు. ఒకే సైజులో తరుగు. పెద్ద ముక్క పచ్చిగా, చిన్న ముక్క బొగ్గుగా మిగలకుండా ఉండాలంటే అదొక్కటే దారి. గట్టివి ఒక గిన్నెలో (క్యారెట్, బీన్స్, గోబీపువ్వు), మధ్యరకం ఒక గిన్నెలో (క్యాప్సికం, క్యాబేజీ), మెత్తవి ఇంకోదానిలో (టమాటా, ఆకుకూరలు) పెట్టుకో. వేసే వరస కూడా అదే.

బాణలి బాగా కాగనిచ్చి, ఒక పెద్ద చెంచా నూనె వెయ్యి. నూనె బాణలిలో తళతళమని పారాలి, పొగ రాకూడదు. గట్టి ముక్కలు వెయ్యగానే "సుయ్" మనాలి. ఆ శబ్దమే నీకు కొలమానం. అది తగ్గిందంటే బాణలి చల్లబడిందని, లేదా నువ్వు ఎక్కువ వేశావని అర్థం. ముక్కలు ఒకే పొరగా పరుచుకోవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఇద్దరికి సరిపడా వండాలంటే రెండు వాయిలుగా వేయించు. ఒక నిమిషం అస్సలు కదపకు. కదిపితే ఎర్రబడదు. తర్వాత తిప్పు. నాలుగు నిమిషాలకి మధ్యరకం, మరో మూడు నిమిషాలకి ఒక వెల్లుల్లి రెబ్బ తరుగూ మెత్తవీ వెయ్యి. వెల్లుల్లి ముందే వేస్తే ఈ మంటకి మాడి చేదెక్కుతుంది. ఉప్పు చివర. ముందే వేస్తే అది ముక్కల్లోంచి నీళ్ళు లాగుతుంది, మళ్ళీ కథ మొదటికొస్తుంది.

చివర మిరియాల పొడి, నిమ్మరసం. ముక్క కొరికితే కాస్త కరకరలాడాలి. నూనె అస్సలు లేకుండా చేస్తే ఇంకా ఆరోగ్యం కదా అనకు. క్యారెట్టులో, ఆకుకూరల్లో ఉండే విటమిన్ ఎ తాలూకు పదార్థం ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడుండాలి. కొలిచి వేసుకో, అంతే.

బంగాళాదుంప వాడేటప్పుడు తొక్క కింద ఆకుపచ్చగా కనిపిస్తే ఆ భాగం లోతుగా కోసి పారెయ్యి. మొలకలూ అంతే. ఎక్కువ పచ్చబడితే దుంప మొత్తం వదిలెయ్యి.

పప్పు సూప్: మెల్లటి సెగ

నారింజ రంగులో చదునుగా ఉండే మసూర్ పప్పు తీసుకో. నానబెట్టక్కర్లేదు, ప్రెషర్ కుక్కరూ అక్కర్లేదు. కుక్కర్ విజిల్ భాష ఇంకోరోజు పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుందువుగాని.

లోతైన గిన్నెలో రెండు చెంచాల నూనె, తరిగిన ఉల్లిపాయ ఒకటి, మధ్యస్థంగా ఉన్న మంట. ఉల్లిపాయ అద్దంలా అయ్యేదాకా, అంటే అయిదారు నిమిషాలు వేయించు. రెండు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర పొడి, ఒక క్యారెట్ తరుగు, ఒక టమాటా వేసి ఇంకో మూడు నిమిషాలు. కడిగిన పప్పు ఒక కప్పు, నీళ్ళు నాలుగు కప్పులు. తెర్లేదాకా పెద్ద మంట, పైన తేలే నురగ చెంచాతో తీసెయ్యి. అప్పుడు తగ్గించు, ఎంతవరకంటే బుడగ ఒకటీ అరా పైకి వచ్చి పగులుతుండాలి, గిన్నెంతా ఎగిరిపడకూడదు. మూత కొంచెం వారగా పెట్టు. పూర్తిగా మూస్తే పొంగి స్టవ్ మీద పారుతుంది, తుడిచేది నువ్వే. 20 నిమిషాల్లో పప్పు తనంతట తానే చిదికి చిక్కబడుతుంది. అడుగు అంటకుండా మధ్యలో మూడు నాలుగుసార్లు గరిటె అడుక్కి ఆనించి కలుపు.

దించాక ఉప్పు, అర చెక్క నిమ్మరసం. నిమ్మరసం రుచికే కాదు. పప్పులో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది, అది మరిగితే చాలావరకు పోతుంది కాబట్టే దించాక పిండమన్నాను. అన్నంలోకి కావాలంటే నీళ్ళు ఒక కప్పు తగ్గించు. చివరి అయిదు నిమిషాల్లో పాలకూర కలిపితే పళ్ళెంలో రంగు కూడా వచ్చేస్తుంది.

ఇది బాగా కుదిరాక రాజ్మా వండాలనిపిస్తుంది. ఒక హెచ్చరిక: రాజ్మా పప్పులాంటిది కాదు. పచ్చిగా, సగం ఉడికి ఉంటే దానిలోని ఒక పదార్థం వాంతులూ విరేచనాలూ తెప్పిస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ముందు కనీసం 10 నిమిషాలు గట్టిగా కళపెళ మరిగించి, తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నసెగ మీద మొదలుపెట్టి వదిలెయ్యడం దీనికి పనికిరాదు.

ఉప్పు, రుచి చూడడం

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాకి మించకుండా ఉండాలంటారు. వంటలో చెంచాలతో వెయ్యకు, చిటికెలతో వెయ్యి. వేసి, కలిపి, నిమిషం ఆగి, శుభ్రమైన చెంచాతో రుచి చూడు. చప్పగా అనిపిస్తే వెంటనే ఉప్పు డబ్బా అందుకోకుండా ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడు. చాలాసార్లు లోటు పులుపుదే అవుతుంది. రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకు. పచ్చి మాంసం వండే రోజొస్తే, అది కోసిన పలకా చాకూ కడగకుండా వాటి మీద ఇంకేమీ తరగకు. మాంసాన్ని కడిగే పని కూడా పెట్టుకోకు, ఆ తుంపరలు సింకు చుట్టూ పడతాయి.

ఎలా మొదలుపెట్టాలి

నాలుగూ ఒకేరోజు వండకు. వరసగా మూడు రోజులు ఒకే వంట చెయ్యి. ఇంట్లోవాళ్ళు మళ్ళీ ఆమ్లెట్టా అంటారు, అననీ. మొదటిరోజు చెప్పినట్టు చెయ్యి. రెండోరోజు ఒక్కటే మార్చు: మంటో, నీళ్ళ కొలతో, ముక్క సైజో. రెండు మార్చావంటే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒక పాత నోట్‌బుక్కులో ఒక్క ముక్క రాసుకో. మా వాడి పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: "సిమ్. అర నిమిషం ఆగాలి. పిన్ని చెప్పింది నిజమే, కానీ చెప్పకూడదు."

స్టవ్ దగ్గరికి వెళ్ళే ఓపిక లేని రోజున వట్టి బ్రెడ్డుతో కడుపు నింపుకోకు. ఉడికించి ఫ్రిజ్‌లో దాచిన శనగలుంటే వాటిలో కీరా, టమాటా, ఉల్లిపాయ తరిగి, నిమ్మరసం, చెంచా నూనె కలుపుకో. లేదా రాత్రే అర కప్పు ఓట్సుని కప్పు పాలలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున అరటిపండు ముక్కలూ గుప్పెడు వేరుశనగపప్పూ వేసుకో. చక్కెర అక్కర్లేదు, పండిన అరటిపండే దాని పని చూసుకుంటుంది.

తిన్నాక గిన్నెలు. గుడ్డు అంటిన పెనాన్ని ముందు చల్లనీళ్ళలో నానబెట్టు. వేడినీళ్ళు పోస్తే మిగిలిన సొన కూడా ఉడికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అన్నం, పప్పు అంటిన గిన్నెలకి గోరువెచ్చటి నీళ్ళు అరగంట. అడుగు మాడిన స్టీలు గిన్నె అయితే నీళ్ళు పోసి, చెంచా వంటసోడా వేసి, అయిదు నిమిషాలు మరిగించి చల్లారనియ్యి. మాడు పెచ్చులుగా లేచి వస్తుంది, చెక్క గరిటెతో నెడితే చాలు. కడగడం అయ్యాక స్టవ్ దగ్గరికి ఇంకోసారి వెళ్ళి నాబ్‌లన్నీ ఆపి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకుని రా.